అద్దం అవతల అంపైరు

పదహారో బకెట్టు దగ్గర కోరల్ ఆగిపోయింది. కుడి భుజం ఇక లేవనని మొరాయించింది. బకెట్టు కింద పెట్టి, తడిచేతులు స్వెటర్‌కి తుడుచుకుని, ఇంకా ఎన్ని మోయాలో లెక్కేసుకోకుండా షెడ్డు గోడవైపు చూస్తూ నిలబడింది. గోడకి నిరుటి క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని మార్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

"ఆగావేం?" గుమ్మంలో కుర్చీలో కూర్చున్న మొగుడు డెస్ అడిగాడు. "నీళ్ళు చల్లారిపోతాయి."

"ముందు నేను చల్లారిపోయేట్టున్నా. నీళ్ళ సంగతి తర్వాత."

"నీళ్ళే ముందు. ఇరవై ఏడు డిగ్రీలకి తగ్గకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ మూలనుంచి పొయ్యకు. ఆ మూలనుంచి కాదంటే వినవేం, మహాతల్లీ? ఇసకంతా లేస్తుంది."

ఆమె ఈ మూలనుంచి పోసింది. ఇసక కాస్త లేవనే లేచింది. డెస్ నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు తిట్టు కన్నా పెద్దది.

మూంటా ఊళ్ళో కుళాయి నీళ్ళు ఎక్కడో దూరపు నదినుంచి గొట్టాల్లో వస్తాయి. సబ్బు నురగ రాదు, కెటిల్ లోపల నెలకో తెల్లటి పొర గడుతుంది, తలస్నానం చేస్తే జుట్టు చీపురులా నిలబడుతుంది. కానీ మధ్య అమెరికా సున్నపురాతి సరస్సుల్లో పుట్టిన చేపలకి అవి అమృతం. దేవుడు మూంటా కుళాయిని తన చేపల కోసమే పెట్టాడని, మనుషులు పొరపాటున వచ్చి కాపురం పెట్టారని డెస్ ట్రెజీజ్ నలభై ఏళ్ళుగా చెప్పుకొస్తున్నాడు. ఆ చేపల్ని సిక్లిడ్‌లంటారు. అన్నిట్లోకీ పొగరుమోతు జాతులే ఏరి పెంచాడు డెస్. తనలాంటివాళ్ళ మధ్య ఉంటే మనిషికి ప్రాణం హాయిగా ఉంటుంది కాబోలు.

వాలరూ రేవులో ధాన్యం ఓడలకెత్తే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఎద్దులా ఉండేవాడు. పద్నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు తీసుకుపోయింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. అది మీ అదృష్టం అన్నాడు అడిలైడ్‌లో డాక్టరు. కోరల్ మర్యాదకి తలూపింది.

షెడ్డులో ఆయన పెట్టిన నియమాల్లో మొదటిది, గొట్టంతో నీళ్ళు పట్టకూడదని. తొంభై నాలుగులో గొట్టం తొట్టిలో వేసి ఫోనులో ముచ్చట్లలో పడి మర్చిపోయాడట, చన్నీళ్ళకి నలభై చేపలు పోయాయట. ఆనాటినుంచి నీళ్ళు డ్రమ్ములో వెచ్చబెట్టి, మందు కలిపి, బకెట్లతోనే పొయ్యాలి. నియమం పెట్టిననాడు ఆయనకి రెండు చేతులుండేవి, మోసేదీ ఆయనే. ఇప్పుడు నియమం ఆయనది, నడుము కోరల్‌ది. బుధవారం ఇరవై బకెట్లు, శనివారం ఇరవై.

ఆమెకి అరవై ఆరు. ముప్ఫై ఏళ్ళు బడి క్యాంటీన్‌లో పిల్లలకి మాంసం కూరిన పేస్టీలు వేడిచేసి పెట్టింది. రిటైరయ్యాక కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవాలని తప్ప పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. ఆ కాస్త కోరికా తీరడం లేదు.

అందుకే ఆ ఎండాకాలం చివర ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. షెడ్డు మూసెయ్యాలి. పదకొండు తొట్లలో తొమ్మిది ఖాళీ అయ్యాయి. చేపల్ని ఒక్కొక్క సంచీలో కట్టి, అడిలైడ్ చేపల క్లబ్బులో నెలనెలా జరిగే వేలానికి పంపించారు. మిగిలినవి రెండే. ఎనిమిదడుగుల పెద్ద తొట్టిలో డోవీ అనే జాతి చేపల జంట. దాన్ని ఆనుకుని నాలుగడుగుల తొట్టిలో ఒంటరిగా ఒక ముసలి చేప.

"ఒక్క ఈత," అన్నాడు డెస్ ఆ రోజు. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్క ఈత పిల్లలు కోరల్. వాటిని ఆరిళ్ళలో సర్దితే నా పని అయిపోయింది. తర్వాత తాళం వేసి తాళంచెవి సముద్రంలో పారెయ్."

ఎనభై ఏడులో నాలుగు పిల్లలతో మొదలుపెట్టిన వంశం అది. ఆ తర్వాత ప్రభుత్వం ఆ జాతి బయటినుంచి రాకుండా ఆపేసింది. దేశంలో ఉన్నవాళ్ళు దానితోనూ దీనితోనూ కలిపేసి సంకరం చేసుకున్నారు. కలవని రక్తం డెస్ షెడ్డులోనే మిగిలింది. అందులో ఆడచేప ఒక్కటే. అది పోతే మరొకటి లేదు. కోరల్‌కి రక్తం గొడవ పట్టలేదు. ఒక్క ఈత అయితే బకెట్లు ఆగిపోతాయన్నది బాగా పట్టింది. సరేనంది.

ఆడచేప పేరు మేవిస్. కోరల్ కన్నతల్లి పేరు. ఎందుకలా పెట్టావంటే, "ఆ చూపు చూడు, అచ్చం మీ అమ్మే. నేను గుమ్మం దాటి వచ్చిన ప్రతిసారీ అలాగే చూసేది," అన్నాడు. మగది కెప్టెన్. మోచేతినుంచి వేళ్ళ కొస దాకా ఉంటుంది. ఒళ్ళంతా నీలిపచ్చ చుక్కలు, నోటినిండా పళ్ళు. తొట్టిమీద మూత తీస్తే చాలు, మనిషి చేతిని ముందు కొరికి, తర్వాత ఎవరిదో చూస్తుంది.

పక్క తొట్టిలో ఉన్న ముసలి చేప అంపైరు.

డోవీ మగచేపకి కోపం ఊరుతూనే ఉంటుంది. ఊరిన కోపం ఎటో ఒకవైపు పోవాలి. పక్కన ఆడచేప తప్ప మరో ప్రాణి లేకపోతే దానిమీదే పడుతుంది, ఒక పూటలో చంపేస్తుంది. అందుకని పెంచేవాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. పక్క తొట్టిలో, అద్దం అవతల, ఒక పరాయి మగచేపని పెడతారు. మగది పొద్దస్తమానం దానిమీదకి దూకి అద్దానికి తల కొట్టుకుంటుంది. ఆ కాసేపూ పెళ్ళాం జోలికి పోదు. పైగా ఇద్దరికీ ఉమ్మడి శత్రువు దొరికాడు కాబట్టి కాపురం చల్లగా సాగుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి డెస్‌కి మూడు ఆడచేపలు ఖర్చయ్యాయి. నాలుగోసారినుంచి అద్దం అవతల ఎవడో ఒకడు ఉండాల్సిందే.

ఇప్పుడున్నది ఒక ఎర్ర దెయ్యం. ఆ జాతి పేరే అది. ఒకప్పుడు దెయ్యంలానే ఉండేదట. పదకొండేళ్ళ వయసులో నుదుటిమీద ఇంత బొడిపె, చిరిగిన పెదవులు, ఒక కంట్లో పొర. "తప్పున్నా లేకున్నా వాడిమీదే అందరూ అరుస్తారు, ఇంకేం పేరు పెట్టను?" అన్నాడు డెస్. కోరల్‌కి ఆ షెడ్డులో ఇష్టమైన చేపంటూ ఉంటే అదొక్కటే. ఉడికించిన బఠాణీ వేళ్ళతో పట్టుకుంటే మెల్లిగా వచ్చి, వేళ్ళకి తగలకుండా తీసుకునేది.

జూన్‌లో ఒక సోమవారం మేవిస్ పలకరాయిమీద గుడ్లు పెట్టింది. నారింజరంగులో, వెయ్యికి పైనే. గురువారానికి గుడ్లు పగిలాయి. మరుసటి బుధవారానికి పిల్లలు నీళ్ళలో ఈదడం మొదలుపెట్టాయి. తొట్టి మధ్యలో నల్లటి పొగలా ఒక గుంపు, దాని కింద బంగారుపసుపు రంగు తేలిన మేవిస్.

డెస్ ఆ వారమంతా షెడ్డు వదల్లేదు. భోజనం కూడా అక్కడికే తెమ్మన్నాడు. తెస్తే పేస్టీ చల్లగా ఉందన్నాడు. వేడి చేసి తెస్తే నాలిక కాలిందన్నాడు. పిల్లలకి మేతగా ఉప్పునీళ్ళలో రొయ్య గుడ్లు పొదిగించి వెయ్యాలి, రోజుకి నాలుగుసార్లు. ఆమె వేసింది ఎక్కువైందన్నాడు, తక్కువైందన్నాడు. వ్యాయామం చేయించే నర్సు పిల్ల వచ్చినప్పుడు ఆ పిల్ల ఎదురుగానే, "నలభై ఏళ్ళుగా చూస్తున్నా ఈమెకి డోవీకీ కప్పకీ తేడా తెలియలేదు," అన్నాడు. నర్సు ఏదో కాగితం చూసుకుంటున్నట్టు తల దించుకుంది. కోరల్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వెళ్ళి టీ పెట్టకుండా కాసేపు సింకు దగ్గర నిలబడింది.

వంటింట్లోకి కూడా ఆ చప్పుడు వినిపించేది. ధబ్. కాసేపాగి మళ్ళీ ధబ్. పిల్లలు ఈదడం మొదలయ్యాక కెప్టెన్‌కి పిచ్చి ముదిరింది. అంపైరు తిండి మానేశాడు. ఎర్రటి ఒళ్ళు వెలిసిపోయి, ఉడికిన రొయ్య రంగుకి వచ్చింది. హీటరు వెనక, ఇరుకులో, తల కిందికి పెట్టి నిలబడేవాడు. బఠాణీ చూపిస్తే అటు కళ్ళు తిప్పేవాడు కాదు.

"పాపం వీడేం చేశాడు?" అంది కోరల్ ఒకసారి.

"ఏం చెయ్యక్కర్లేదు. అక్కడ ఉంటే చాలు. అదే వాడి ఉద్యోగం."

శనివారం కిమ్ హాకింగ్ వచ్చాడు. కడీనాలో లారీ నడుపుతాడు. నలభై దాటినా ఆమెని ఇంకా బడిపిల్లాడిలాగే ఇంటిపేరు మొదటి అక్షరంతో మిసెస్ టి అంటాడు, చిన్నప్పుడు ఆమె చేతి పేస్టీలు తిన్నవాడు కాబట్టి. పిల్లలు పెరిగాక కెప్టెన్నీ, సగం పిల్లల్నీ వాడికే ఇవ్వాలని మాట.

"ఏం పెద్దాయనా, ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్దామా? బౌండరీ పక్కన కారు పెడతా. కార్లోంచి దిగక్కర్లేదు, గోల్ పడ్డప్పుడల్లా హారను కొట్టుకో."

"ఇక్కడ ఎవరు చూస్తారు?"

"మిసెస్ టి ఉన్నారుగా."

"అదే నా భయం," అన్నాడు డెస్. కానీ అప్పటికే కుడిచేత్తో మఫ్లర్ చుట్టుకుంటున్నాడు.

ఇద్దరూ కలిసి ఆయన్ని కార్లోకి ఎక్కించారు. కారు మలుపు తిరిగింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఇంట్లో కోరల్ ఒక్కతే ఉంది.

ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యాల్సినవి బోలెడున్నాయి, ఏదీ చెయ్యబుద్ధి కాలేదు. ఇరవై బకెట్లు పూర్తిచేసి డెస్ కుర్చీలో కూలబడింది. ధబ్. అంపైరు హీటరు వెనక్కి ఇంకాస్త ఒదిగాడు. ధబ్. ఆమె చూస్తూ కూర్చుంది. చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది. కెప్టెన్ మీదో, డెస్ మీదో, తనమీదో స్పష్టంగా తెలియని మంట. మధ్యాహ్నం ఒక్కపూట వీడికి సెలవిస్తే ఏం మునిగిపోతుంది అనుకుంది. వంటింట్లోంచి గులాబీరంగు చిలకల బొమ్మలున్న గిన్నెలు తుడిచే గుడ్డ తెచ్చి, రెండు తొట్ల మధ్య సందులోకి దించి, పైన బట్టల క్లిప్పులు పెట్టింది.

ధబ్ ఆగిపోయింది. కెప్టెన్ ఆ గుడ్డ ముందు అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, వెళ్ళిపోయాడు. అంపైరు చాలాసేపటికి హీటరు వెనకనుంచి వచ్చాడు. ఆమె వేళ్ళనుంచి ఒక బఠాణీ తీసుకున్నాడు, తర్వాత ఇంకొకటి. కోరల్‌కి కళ్ళు చెమర్చాయి. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుందామని కుర్చీలో వెనక్కి వాలింది.

మెలకువ వచ్చేసరికి గుమ్మంలో ఎండ అవతలి గోడకి జరిగిపోయింది. రెండున్నర గంటలు పడుకుంది. అంత నిద్ర ఏ రాత్రీ పట్టలేదు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. హమ్మయ్య అని ముందు అనుకుని, మరుక్షణం ఆ నిశ్శబ్దం ఏమిటో అర్థమై లేచింది.

మేవిస్ నీళ్ళ పైభాగాన, ఫిల్టరు గొట్టం వెనక, పక్కకి ఒరిగి ఉంది. తోక లేదు. ఒకవైపు మొప్ప తెరుచుకుపోయి లోపలి ఎరుపు కనిపిస్తోంది. బంగారు రంగంతా పోయి బూడిదలా అయింది. పిల్లల గుంపు కింద మూలలో ఉంది, కెప్టెన్ వాటిముందు ఏమీ ఎరగనట్టు కాపలా కాస్తున్నాడు.

కోరల్ వలకోసం కూడా చూడలేదు. చెయ్యి నేరుగా నీళ్ళలో పెట్టింది. కెప్టెన్ ఆమె మణికట్టుని పళ్ళతో పట్టాడు, వదిలి మళ్ళీ పట్టాడు. నీళ్ళలో రక్తం తిరిగింది. ఆమె చెయ్యి తియ్యలేదు. రెండోచేత్తో మేవిస్‌ని అందుకుని, ఇందాక మోసిన బకెట్టులోనే వేసి, నేలమీద కూర్చుని దాన్ని నిటారుగా పట్టుకుంది. మొప్పలు ఆగి ఆగి కదిలాయి. "ఊపిరి తియ్యి తల్లీ, తియ్యి," అంటూ ఉండిపోయింది. కన్నతల్లి పోయేముందు ఆస్పత్రిలోనూ ఇదే మాట అంది. అరగంటకి మేవిస్ తియ్యడం మానేసింది.

అప్పుడు లేచి గుడ్డ లాగేసింది. కెప్టెన్ అంపైరుని చూశాడు. ధబ్.

మణికట్టుకి కట్టు కట్టుకుంటూ ఆలోచించింది. ఆ గుడ్డ మళ్ళీ వంటింటి కొక్కేనికి తగిలిస్తే చాలు. డోవీ మగాడు పెళ్ళాన్ని చంపడం కొత్తా? నేను వచ్చేసరికే ఇలా ఉందంటే క్లబ్బులో ఒక్కడు కూడా ఎందుకని అడగడు. డెస్ కూడా అడగడు. అబద్ధం చేతికందేంత దగ్గరలో ఉంది. ఇంకొక సంగతి కూడా తోచింది. వంశం ఇక ఆ పిల్లలమీదే ఉంది, కాబట్టి అవి పెరిగేదాకా మరో రెండు నెలల బకెట్లు. దాని తర్వాత కూడా డెస్ తనని క్షమించడు.

కారు హారను కొట్టుకుంటూనే వచ్చింది. డెస్ గొంతు బొంగురుపోయింది, ముఖం వెలిగిపోతోంది. "ఓడాం. ఆ అంపైరుగాడికి కళ్ళు కాదు, గోళీలున్నాయి. నాలుగు గంటలు తిట్టాను వాణ్ణి, ప్రాణం లేచొచ్చింది." షెడ్డు దాకా వచ్చి, పెద్ద తొట్టి చూసి, ఆమె కట్టు చూసి, బకెట్టు చూసి ఆగాడు.

"నేనే," అంది కోరల్. "అద్దానికి గుడ్డ కట్టాను. వాడిమీద జాలేసి. కట్టి నిద్రపోయాను."

కిమ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె భుజాలు ముడుచుకుని ఎదురుచూసింది. డెస్ కర్ర ఆనించుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం మాట్లాడలేదు. సోమవారం మాట్లాడలేదు. టీ ఇస్తే తాగాడు, వేడిగా ఉందనీ అనలేదు, చల్లగా ఉందనీ అనలేదు. షెడ్డు వైపు రాలేదు. నర్సు పిల్ల వస్తే వ్యాయామం చెయ్యనన్నాడు. కోరల్ రొయ్యపిల్లలు వేసింది, నీళ్ళు మార్చింది. ఎవరూ తప్పు పట్టకపోతే ఏది తప్పో తెలియకుండా పోయింది. కోరుకున్న ప్రశాంతత ఇదేనా అని వెతుక్కుంటే, కాదు.

బుధవారం బకెట్లు ముగించి ఇంట్లోకి వస్తుంటే ముందుగదిలోంచి చప్పుడు వినిపించింది. టప్. కాసేపాగి మళ్ళీ టప్. తొంగిచూసింది. డెస్ కిటికీ దగ్గర కూర్చుని, కుడిచేత్తో తన ఎడమచేతిని కొడుతున్నాడు. ఒడిలో పడున్న ఆ చచ్చిన చేతిని, పళ్ళు బిగించి, శక్తికొద్దీ. చేతి వెనకంతా కమిలి నల్లబడి ఉంది. నాలుగు రోజులనుంచీ కొడుతున్నట్టుంది.

కోరల్ వెళ్ళి ఆ కుడిచేతిని రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ కాసేపు పెనుగులాడారు. ముసలివాళ్ళిద్దరి పెనుగులాట, ఎంతసేపు సాగుతుంది?

"తిట్టేదేదో నన్నే తిట్టు," అంది, ఊపిరి అందాక.

"నిన్ను తిట్టి ఏం లాభం? నాకు చేతులుంటే నువ్వెందుకు మోస్తావు? నేను బాగుంటే నువ్వెందుకు అలిసిపోయి పడుకుంటావు?" తల కిటికీవైపు తిప్పుకున్నాడు. "ఆ గుడ్డ ఎవరికోసం కట్టావు?"

"అంపైరు కోసం."

"అబద్ధం," అన్నాడు డెస్ మెల్లిగా.

ఆమె కాదనలేదు. ఆయన పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త సత్తువ ఉండాలి.

మర్నాడు డెస్ షెడ్డులోకి వచ్చాడు. ఒకటి రెండు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మూలనుంచి పొయ్యకు అన్నాడు, ఆ తర్వాత మహాతల్లీ అన్నాడు. పాత దారే, కాకపోతే సగం తిట్టి మధ్యలో ఆగిపోయేవాడు. పిల్లలు పెరిగాయి. తల్లి లేకపోయినా కెప్టెన్ వాటిని ఒంటరిగా సాకాడు, అద్దం అవతల శత్రువు ఉన్నంతకాలం వాడంత మంచి తండ్రి లేడు. ఆగస్టు చివరికి నూట ఎనభై తేలాయి, చూపుడువేలంత.

కిమ్ డ్రమ్ములు వేసుకుని లారీలో వచ్చాడు. పిల్లల్ని ఆరిళ్ళకీ వాటాలు వేశాడు. కెప్టెన్ని పట్టడానికి ఇద్దరు మనుషులూ, రెండు తువ్వాళ్ళూ పట్టాయి. అంతా ఎక్కించాక కిమ్ వచ్చి అంపైరు తొట్టి ముందు నిలబడ్డాడు.

"వీణ్ణి కూడా ఇచ్చెయ్యండి మిసెస్ టి. వీడు లేకపోతే కెప్టెన్ పక్కన ఏ ఆడచేపనీ పెట్టలేను."

"ఇవ్వను."

"ముసలాడు. ఇంకెన్నాళ్ళుంటాడు? మీకు షెడ్డు మూసెయ్యాలని కదా?"

"అద్దం పెట్టుకో కిమ్. మొహం చూసుకునే అద్దం. తనని తనే చూసుకుని కొట్టుకుంటాడు. అలాగూ చేస్తారటగా."

కిమ్ డెస్ వైపు చూశాడు. డెస్ తన ఎడమచేతిని స్వెటర్‌లోకి లాక్కుని, "ఆమె ఎంత చెప్తే అంత," అన్నాడు.

లారీ వెళ్ళిపోయింది. పెద్ద తొట్టి ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టారు. బుధవారానికి రెండు బకెట్లు చాలు. కోరల్ ఆ రెండూ పోసి, ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు, ఇంత వెలితిగానూ ఉంటుందనుకోలేదు.

అంపైరు హీటరు వెనకనుంచి ఇవతలికి వచ్చాడు. కానీ తినలేదు. ఖాళీ తొట్టి వైపున్న అద్దానికి మూతి ఆనించి, ఒంటికన్నుతో అటే చూస్తూ నిలబడ్డాడు. మొదటిరోజు అంతే, రెండోరోజు అంతే. మూడోరోజు బఠాణీ ముక్కు దగ్గర పెట్టినా కదల్లేదు.

"వాడికోసం చూస్తున్నాడు," అన్నాడు డెస్ కుర్చీలోంచి.

"కొట్టేవాడి కోసమా?"

"ఇన్నాళ్ళూ వాడి లోకంలో ఉన్నది ఆ ఒక్కడే కదా."

కోరల్ ఖాళీ తొట్టి పక్కకి వెళ్ళి, సందులోంచి చెయ్యి దూర్చి, అంపైరు మూతి ఉన్నచోట అద్దం మీద అరచెయ్యి ఆనించింది. మణికట్టు మీద కెప్టెన్ పళ్ళ గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాడు ఆ చేతిని చూశాడు. వెనక్కి వెళ్ళాడు. మొప్పలు రెండూ గొడుగుల్లా విప్పాడు. ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో అంత ఎరుపు, ఒక్కసారిగా నుదుటి బొడిపె దాకా ఎక్కింది. దూకాడు.

ధబ్.

"చెయ్యి తియ్యి! ముసలాడు, మూతి పగులుతుంది. నీకు బుద్ధుందా? అసలు చేపల గురించి నీకేం..."

"నోరు మూసుకో డెస్."

గట్టిగా కూడా అనలేదు. టీలో చక్కెర వెయ్యనా అన్నంత మామూలుగా అంది. డెస్ నోరు మూసుకున్నాడు. అంపైరు మళ్ళీ దూకాడు, మళ్ళీ దూకాడు. ప్రతి దెబ్బా అద్దంలోంచి ఆమె అరచేతికి తగులుతోంది, అయినా తియ్యలేదు. ఎనిమిదో తొమ్మిదో అయ్యాక వాడు ఆగి, రొప్పుతూ, పైకి తేలి, నీళ్ళమీద మూడురోజుల్నుంచి నానుతున్న బఠాణీని గుటుక్కున మింగాడు.

"ఎంతసేపు ఉంచుతావు చెయ్యి?" అడిగాడు డెస్.

"వాడికి చాలనిపించేదాకా." ఆమె ఇటు తిరగలేదు. "పదహారు నెలలు డెస్."

"తెలుసు."

"నీకు తెలియదు. ఇప్పుడు నేను చెప్తాను. నువ్వు మధ్యలో మాట్లాడకు."

డెస్ కర్ర అందుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకుంది. ఆయన కర్రతో నేలని తన్ని, కుర్చీని ఇంచీ ఇంచీ తిప్పుకుని, ఆమెకి ఎదురుగా పెట్టుకున్నాడు. కోరల్ మొదటి బకెట్టు దగ్గరనుంచి మొదలుపెట్టింది.